లైట్లన్నీ వెలిగినా నెట్ ఎందుకు ఆగుతోంది?

తిరుపతి,
ఆదివారం పొద్దున

చిన్నోడికీ, పాపకీ తాత ఆశీస్సులు.

నిన్న ఫోన్లో చిన్నోడి గొంతు విన్నాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. "తాతా, మిద్దె మీద గదికి నెట్ కేబుల్ లాగి రెండు కొసలకూ ప్లగ్గులు నేనే నొక్కి బిగించి క్రింప్ చేసినా. టెస్టర్లో ఎనిమిది లైట్లూ వెలిగినాయి. అయినా నెట్ తెగిపోతా ఉంది" అన్నావు. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. తప్పు దొరికింది. కేబుల్ మంచిదే, క్రింపింగ్ కూడా గట్టిగానే ఉంది.

నువ్వు వైర్లని రంగుల వరసలో పేర్చావు. ఆరెంజ్ జత, ఆకుపచ్చ జత, నీలం జత, బ్రౌన్ జత. ఎవరికైనా అదే న్యాయంగా అనిపిస్తుంది. రెండో కొసలోనూ అట్లాగే పెట్టావు కాబట్టి ఒకటో పిన్ను ఒకటో పిన్నుకి, ఎనిమిదోది ఎనిమిదోదానికి కలిసింది. టెస్టర్ చూసేది అంతవరకే. సిగ్నల్‌కి ఇంకా చాలా కావాలి.

లాన్ కేబుల్లో, అంటే ఇంట్లో నెట్ మోసే ఈ కేబుల్లో, ఒక సిగ్నల్ రెండు వైర్ల మీద కలిసి నడుస్తుంది. ఒకదాంట్లో వోల్టేజ్ పైకి పోతే రెండోదాంట్లో కిందికి పోతుంది. అవతల కొసలో రెండింటి తేడానే చదువుతారు. ఆ రెండు వైర్లూ జడలా మెలేసి ఉంటాయి కాబట్టి బయటి నుంచి వచ్చే గోల రెండింటికీ దాదాపు ఒకే మోతాదులో తగులుతుంది, తేడా తీసేటప్పుడు కొట్టుకుపోతుంది. కేబుల్‌కి బలం ఆ మెలికలే. ఇప్పుడు ప్లగ్గు చూడు. అక్కడ 3, 6 పిన్నులు ఒక జత. మధ్యలో 4, 5 ఇంకో జత. టెలిఫోన్ లైను జత నడిమధ్యన ఉండే పాత అలవాటు నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. నీ ప్లగ్గులో 3లో తెలుపు-ఆకుపచ్చ ఉంది, 6లో నీలం ఉంది. కలిసి నడవాల్సిన రెండు వైర్లు వేరే వేరే మెలికల్లో పడి, పక్క జతల సిగ్నల్‌ని కేబుల్ పొడవునా తమ మీదికి లాక్కుంటున్నాయి. దీన్నే క్రాస్‌టాక్ అంటారు. కేబుల్ పొట్టిదై, వేగం తక్కువైతే ఎట్లాగో నెట్టుకొస్తుంది. గిగాబిట్ వేగానికి, అంటే సెకనుకి వంద కోట్ల బిట్లకి, నాలుగు జతలూ కావాలి, అక్కడ నిలబడదు.

సరైన వరస రాసుకో: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. ఇంకో మాట. ఫోటోలో రెండంగుళాల మేర మెలిక విప్పేశావు. 13 మిల్లీమీటర్లకు, అంటే అరంగుళానికి మించి విప్పకూడదు.

ఇక పాప ప్రశ్న. "అంత చిన్న ప్లగ్గు అంత పెద్ద కేబుల్‌ని ఎట్లా చెడగొడుతుంది?" మిద్దె మీద బట్టలారేసే తాడు ఒక కొస విప్పి చేత్తో పట్టుకుని ఒక్కసారి జాడించు. ఒక గూని లేచి అవతలి కొసదాకా పోయి, అక్కడ గుంజకి తగిలి వెనక్కి వస్తుంది. సన్న తాడుకి లావు తాడు ముడేసి జాడిస్తే, ముడి దగ్గర కొంత ముందుకు పోతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. కేబుల్లో సిగ్నల్ కూడా అట్లాంటి అలే. తాడు లావు ఎట్లాంటిదో కేబుల్‌కి ఇంపిడెన్స్, అంటే అలకి కేబుల్ ఇచ్చే అడ్డు, అట్లాంటిది. టీవీ కేబుల్‌కి 75 ఓమ్‌లు, మన లాన్ కేబుల్ జతకి 100. మల్టీమీటర్ పెడితే ఇది కనపడదు. వైర్ల మందం, వాటి మధ్య ఎడం, మధ్యలో ఉన్న ప్లాస్టిక్, వీటిని బట్టి వస్తుంది. 50 ఓమ్‌ల కేబుల్‌కి 75 ఓమ్‌లది కలిపితే ఆ అతుకు దగ్గర వోల్టేజ్‌లో అయిదో వంతు వెనక్కి వచ్చేస్తుంది. ప్లగ్గులో పిన్నుల మధ్య ఎడం మారినా జరిగేది ఇదే, కాకపోతే కొంచెం తక్కువగా.

నా ఉద్యోగం తొలి రోజుల్లో ఒక ఆఫీసులో కంప్యూటర్లన్నీ టీవీ కేబుల్ లాంటి ఒకే కోయాక్సియల్ కేబుల్‌కి వరసగా తగిలించి ఉండేవి. రెండు కొసల్లో 50 ఓమ్‌ల టెర్మినేటర్లు, బొటనవేలంత లేని మూతలు. ఒక రోజు మొత్తం నెట్‌వర్క్ పడుకుంది. రెండు గంటలు కేబుల్ అంతా తడిమాను. చివరికి బీరువా వెనక, ఊడి కింద పడి ఉన్న ఒక మూత దొరికింది. పెట్టగానే అన్నీ లేచాయి. కొసలో అలని మింగేవాళ్లు లేక అది వెనక్కి వచ్చి, వెళ్తున్నవాటిని చెరిపేస్తూ ఉండింది. ఆ మూతని నా చేతిలో పెట్టుకుని చూసిన రోజునే ఈ విద్య మీద నాకు ప్రేమ పుట్టింది.

వేగం పెరిగే కొద్దీ సిగ్నల్ కంటికి ప్లగ్గు పెద్దదైపోతుంది. లెక్క వేసి చూడండి. కేబుల్లో సిగ్నల్ నానోసెకనుకి సుమారు 20 సెంటీమీటర్లు నడుస్తుంది. 1996లో వచ్చిన యూఎస్‌బీ గరిష్ఠ వేగం సెకనుకి 12 మెగాబిట్లు. అంటే ఒక బిట్టు, 0 గానీ 1 గానీ మోసే సిగ్నల్ ముక్క, కేబుల్లో 16 మీటర్లకు పైగా పొడుగు. దాని ముందు ప్లగ్గు ఎంత? చీమంత. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0లో సెకనుకి 5 గిగాబిట్లు. అక్కడ ఒక బిట్టు 4 సెంటీమీటర్లే, అగ్గిపుల్లంత. ఇప్పుడు ప్లగ్గు దానిలో సగం దాకా ఉంది! లోపల ఒక్క రేకు వంకరగా ఉన్నా అల దాన్ని గుర్తుపడుతుంది. పాకాల దగ్గర గాదంకిలో ఆకాశం వైపు తిరిగి ఉన్న 1024 యాంటెనాలు చూశారు కదా, పై వాతావరణాన్ని చూసే ఆ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. ఆ అల గాలిలో అయిదున్నర మీటర్లకు పైనే. అక్కడ ప్లగ్గు పొడవు పెద్ద సమస్య కాదు, గట్టిగా బిగిసి ఉండటం, నీళ్లు దూరకపోవడం ముఖ్యం.

పాప హార్డ్‌డిస్క్ నెమ్మదించిందన్న సంగతి కూడా ఇక్కడే ఉంది. యూఎస్‌బీ 3.0 నీలం సాకెట్‌లో పాత నాలుగు రేకులతో పాటు ఇంకో అయిదు చిన్నవి ఉంటాయి. ఆ అయిదూ సరిగా ఆనకపోతే డిస్క్ ఆగిపోదు, పాత నాలుగింటి మీద 480 మెగాబిట్లకు దిగిపోతుంది. దుమ్ము ఉందేమో టార్చి వేసి చూడు. ఎమరీ పేపరుతో మాత్రం రుద్దొద్దు తల్లీ. ఆ రేకుల మీద బంగారు పూత మైక్రాన్ కూడా ఉండదు. తుప్పు పట్టదనే బంగారం పూస్తారు. అది గీసుకుపోతే కింది లోహం గాలికి బయటపడుతుంది.

వచ్చే ఆదివారం పొద్దున రైలుకి పాకాల మీదుగా చిత్తూరు వస్తాను. గాంధీ రోడ్డులో పది కొత్త ప్లగ్గులు కొని తెస్తా. చిన్నోడా, నువ్వు కట్టిన ఆ రెండు ప్లగ్గులూ కోసి పక్కన పెట్టు, పారేయొద్దు. లోపల ఏ వైరు ఎక్కడ కూర్చుందో బ్లేడుతో చీల్చి ఇద్దరికీ చూపిస్తాను.

మీ తాత