మంచం కింద దూరిన కుక్క: మనం నమ్మే అపోహలు

వీధుల నుంచి, షెల్టర్ల నుంచి హైదరాబాద్ ఇళ్లకు దత్తత వెళ్లే కుక్కలకు కొత్తచోటు అలవాటు చేయడం నా పని. పదేళ్లు దాటింది. నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి: "మేడమ్, తెచ్చి రెండ్రోజులైంది. మంచం కింద నుంచి రావట్లేదు, తినట్లేదు. మేమంటే ఇష్టం లేదేమో!" ఆ తర్వాత వాళ్లు చేసిన ప్రయత్నాలన్నీ చెబుతారు. అన్నీ ప్రేమతో చేసినవే. కుక్కను ఇంకో అడుగు లోపలికి జరిపినవీ అవే.

అపోహ: ప్రేమగా చూసుకుంటే రెండ్రోజుల్లో కలిసిపోతుంది

మనం కాపాడామన్న సంగతి దానికి తెలీదు. దానికి తెలిసిందల్లా ఒకరోజు వల పడింది, వ్యాన్ ఎక్కించారు, బోనులో పెట్టారు, సూదులు పొడిచారు, మళ్లీ ఇంకో బండి ఎక్కించారు. చివరికి కదిలే చిన్న గదిలో నిలబెట్టి నాలుగో అంతస్తుకు తెచ్చారు. అక్కడ పైన ఫ్యాను తిరుగుతోంది, వంటింట్లో కుక్కర్ కూస్తోంది. 3 రోజులకు ఊపిరి పీల్చుకుంటుంది, 3 వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, 3 నెలలకు ఇల్లు తనదనుకుంటుంది అని మా రంగంలో ఒక లెక్క చెబుతారు. అది ఉజ్జాయింపు మాత్రమే. ఆరు నెలలు తీసుకున్న కుక్కల్నీ చూశాను.

కూకట్‌పల్లిలో ఒక ఇంటికి వచ్చిన చుక్కి బాల్కనీ దాటి హాల్లోకి అడుగు పెట్టేది కాదు. ఇంటాయనంటే భయమని అందరూ తేల్చేశారు, పాపం ఆయన వారం రోజులు పిల్లిలా నడిచాడు. నేను వెళ్లి చూస్తే దాని గోళ్లు మార్బుల్ మీద జారుతున్నాయి. మట్టిలో, తారురోడ్డు మీద పెరిగిన కుక్కకు ఆ నేల మంచుగడ్డతో సమానం. పాత యోగా మ్యాట్లు, డోర్‌మ్యాట్లు బాల్కనీ నుంచి నీళ్ల గిన్నె దాకా వరసగా పరిచాం. ఆ సాయంత్రమే నడిచొచ్చింది. భయం ఎవరి వల్ల అని అడిగే ముందు, దేని వల్ల అని ఇల్లంతా ఒకసారి చూడండి.

అపోహ: చేత్తో తినిపిస్తే త్వరగా దగ్గరవుతుంది

ఇది చాలామంది ట్రైనర్లు కూడా చెప్పే మాటే, కానీ బాగా బెదిరిన కుక్క విషయంలో నేను ఒప్పుకోను. ఆకలి దాన్ని ముందుకు లాగుతుంది, భయం వెనక్కి లాగుతుంది. వెనక కాళ్లు అక్కడే ఉంచి, మెడ మాత్రం సాగదీసి ముక్క అందుకుంటుంది. నోట్లో ముక్క పడగానే తను మనిషికి ఎంత దగ్గరికొచ్చిందో అప్పుడు తెలుస్తుంది, అదిరిపడి పారిపోతుంది. ఇలా నాలుగుసార్లు జరిగితే చెయ్యి అంటేనే అనుమానం.

నేను చేసేది దీనికి తలకిందులు. పక్కకు తిరిగి నేలమీద కూర్చుంటాను, దాని కళ్లలోకి చూడను. ఉడికించిన చికెన్ ముక్కను (ఉప్పు, కారం, ఉల్లి, ఎముక ఉండకూడదు) దాని వెనక్కి విసురుతాను. ముక్క కోసం అది నాకు దూరంగా వెళ్తుంది. హమ్మయ్య అనుకుంటుంది. తిన్నాక తనంతట తానే రెండడుగులు ఇటు వేస్తుంది. మళ్లీ వెనక్కే వేస్తాను. పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు చాలు. శాకాహారుల ఇళ్లలో పనీర్‌తో చేయించాను, అదీ పనిచేసింది.

అపోహ: భయపడినప్పుడు ఓదారిస్తే భయం ముదురుతుంది

భయం ఒక అనుభూతి. కూర్చోమంటే కూర్చోవడం లాంటి పని కాదు, బహుమతి ఇచ్చినంత మాత్రాన పెరగడానికి. ఉరుములకు వణుకుతూ మీ కాళ్ల దగ్గరికి వస్తే నిమరండి. అయితే అది వస్తేనే. మూడు సెకన్లు ఛాతీ దగ్గర నిమిరి చెయ్యి తీసేయండి. ఇంకా ఆనుకుంటే కొనసాగించండి. తల తిప్పుకున్నా, మూతి నాక్కున్నా, ఆవలించినా చాలని అర్థం. తలమీద తట్టడం మాత్రం మానేయండి, పైనుంచి వచ్చే చెయ్యి దానికి దెబ్బలాగే కనిపిస్తుంది.

అపోహ: దేనికి భయపడితే దాని ముందే నిలబెట్టాలి

ఆదివారం చుట్టాలందరినీ పిలిచి తలా ఒకసారి నిమిరించారు ఒకింట్లో. "ఏమీ అనలేదు మేడమ్, బుద్ధిగా నిలబడింది" అన్నారు. వీడియో చూశాను. తోక కడుపు కిందికి పోయింది, కనుగుడ్ల తెల్లభాగం కనిపిస్తోంది, ఒళ్లు కర్రలా బిగుసుకుంది. అది బుద్ధి కాదు, బిగుసుకుపోవడం. 1967లో సెలిగ్‌మన్, మయర్ అనే ఇద్దరు అమెరికన్లు కుక్కల మీదే చేసిన ప్రయోగం ఒకటుంది. తప్పించుకునే వీల్లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత దారి ఇచ్చినా, తప్పించుకునే ప్రయత్నమే చేయలేదు. ఆ ప్రయోగం గురించి చదివాక నాకు షెల్టర్ మూలల్లో కదలకుండా పడుకునే కుక్కలు గుర్తొచ్చాయి.

అలవాటు చేయాలంటే దూరం నుంచి మొదలుపెట్టాలి, తక్కువ మోతాదులో. కుక్కర్ విజిల్‌ను ఫోన్లో రికార్డు చేసి, చెవి కాస్త కదిలేంత చిన్న శబ్దంతో వినిపించండి. విజిల్ ముందు, చికెన్ తర్వాత. ఈ వరస తప్పకూడదు. చికెన్ ముందు పెడితే, చికెన్ కనిపిస్తే ఏదో మోగుతుందని నేర్చుకుంటుంది.

అపోహ: గుర్రుమంటే ఒకటివ్వాలి, ఇంటికి లీడర్ మనమేనని తెలియాలి

కుక్కకాటుకు చెప్పుదెబ్బ అనే సామెత మనకు బాగా వంటబట్టింది. ఈ లీడర్ కథ, ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒకే ఆవరణలో పెట్టి గమనించిన పాత అధ్యయనాల నుంచి వచ్చింది. దాన్ని జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో ఒకడైన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1999 నాటికి, అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లిదండ్రులు, పిల్లలూ ఉండే కుటుంబమేనని రాశాడు. గుర్రుమనడం హెచ్చరిక. కొట్టి దాన్ని మాన్పిస్తే, రేపు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. కరిస్తే, ఎంత చిన్న గాటైనా సరే, ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అపోహ: వీధిలో పెరిగిందే కదా, బయట వదిలినా తిరిగొస్తుంది

నాకు నిద్ర పట్టనివ్వని అపోహ ఇది. మొదటి నెలలో దానికి మీ ఇల్లు ఇల్లు కాదు. బెదిరి పరుగెత్తితే మీవైపు పరుగెత్తదు. మన దేశీ కుక్కల తల సన్నం, వెనక్కి గుంజుకుంటే మెడబెల్టు ఇట్టే ఊడొస్తుంది. ఒళ్లంతా పట్టే హార్నెస్, బిగుతుగా మెడబెల్టు, రెండింటికీ చెరో తాడు కట్టండి. బెల్టు మీద ఫోన్ నంబరు రాయించండి. ఒకవేళ తప్పిపోతే అరుస్తూ వెంటపడొద్దు. తెల్లవారుజామున, జనం లేనప్పుడు, తప్పిపోయిన చోటే అన్నం గిన్నెతో కూర్చోండి.

దీపావళికి, నిమజ్జనానికి ముందే వెటర్నరీ డాక్టర్‌ని కలవండి. భయం తగ్గించే మందులున్నాయి, అవసరమైన కుక్కకు వాడటం తప్పు కాదు. మన మాత్రలు సగం విరిచి ఇవ్వడం మాత్రం వద్దు. ఆ రోజుల్లో వాకింగ్ చీకటి పడకముందే ముగించాలి. ఇంకోమాట, కొత్త కుక్క రోజుల తరబడి మందంగా పడుకుని ముద్ద ముట్టకపోతే అన్నీ భయం ఖాతాలో వేయకండి. మన ఊళ్లలో పిడుదుల జ్వరం చాలా మామూలు, రక్తపరీక్ష చేయించండి.

అపోహ: ఓపిక పడితే ఏ కుక్కైనా అందరితో కలిసిపోతుంది

కుక్కపిల్ల లోకానికి అలవాటు పడే అసలు వయసు సుమారు 3 వారాల నుంచి 12-14 వారాల వరకు. ఆ రోజుల్లో మంచి మనిషి చెయ్యి తగలని కుక్క తర్వాత నేర్చుకుంటుంది, కానీ దాని హద్దు దానికుంటుంది. చుక్కి వచ్చి నాలుగేళ్లైంది. ఇంటాయన పక్కనే పడుకుంటుంది, కుక్కర్ కూస్తే చికెన్ కోసం వంటింటి గుమ్మంలో నిలబడుతుంది. కాలింగ్‌బెల్ మోగితే మాత్రం ఇప్పటికీ లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. వాళ్లు ఆ గది తలుపు మూయరు, చుట్టాలను లోపలికి వెళ్లనివ్వరు.