కలివికోడి, తెలుగుగంగ, మధ్యలో ముళ్లకంప

కడప జిల్లా ముళ్లపొదల్లో ఉండే అరుదైన పక్షి కలివికోడి. దాని పేరు పేపర్లో వచ్చిందంటే ఎవరైనా దాని కూత విని ఉండాలి, లేదా దాని అడవిలో జేసీబీలు దిగి ఉండాలి. ఈ పక్షికీ తెలుగుగంగ కాలువకూ మధ్య వచ్చిన గొడవ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఈస్టిండియా కంపెనీ సైన్యంలో డాక్టరుగా ఉన్న జెర్డాన్‌కు ఈ పక్షి దొరికింది. 1848లో పక్షి శాస్త్రవేత్త బ్లైత్ దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. నిజానికి వెతికినవాళ్లు పగలు వెతికారు, ఇదేమో రాత్రి తిరిగే పిట్ట. కడప జిల్లాలో వేటకు వెళ్లేవాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు. 1986 జనవరిలో సిద్దవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర ఓ స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చాడు. ఆ పక్షి బతకలేదు గానీ 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది, లంకమల్లేశ్వర అభయారణ్యం కూడా ఏర్పడింది.

మనిషి కంట పడటం ఎంత అరుదంటే, పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక వెళ్లి దాని అడుగుజాడలు వెతికేవారు. పొదకీ పొదకీ మధ్య పరుగెత్తుతూ పురుగులు ఏరుకు తినడానికి దానికి ఖాళీ నేల కావాలి. పొదలు మరీ దట్టమైనా కష్టమే, పూర్తిగా నరికేసినా కష్టమే. మేకలు కొద్దిగా మేసిన చోట ఉంటుంది, మరీ ఎక్కువ మేస్తే ఉండదు.

అయితే రెవెన్యూ లెక్కల్లోనూ, జనం నోట్లోనూ ఇలాంటి నేల అంటే బీడే. దున్ని తోట వేస్తే బాగుపడినట్టు. 2005లో తెలుగుగంగ కాలువ పనులు దాని ఆవాసంలోకి వచ్చాయి. కరువు సీమలో నీళ్లొద్దని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. కానీ పక్షి జాడలు దొరికిన చోటే యంత్రాలు తవ్వేశాయి. వ్యవహారం సుప్రీంకోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది, చివరికి కాలువ దారి మార్చారు. ఈ పని తవ్వకాలకు ముందే జరిగి ఉంటే గొడవే ఉండేది కాదు.

ఆ తర్వాత ఏళ్లపాటు పక్షి కనిపించలేదు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు కడప జిల్లాలో రాత్రిపూట దాని కూత రికార్డు చేశారు. దాంతో చర్చ మళ్లీ మొదలైంది. ఈసారి తేలాల్సింది అభయారణ్యం హద్దు బయట మిగిలిన ముళ్లకంప సంగతి. అక్కడ తోటలు పెరిగితే ఏం చేయాలి, రైతుకు పరిహారం సంగతేంటి అన్నది తేలాలి.