“జ్యూరీ దాకా ఎందుకండీ, ఒప్పేసుకుంటే పోతుందిగా!” - కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన వారం రాత్రి పదకొండింటికి ఖమ్మం నుంచి ఫోన్. కొడుకు ఇక్కడ డాలస్ దగ్గర ఎంఎస్ చదువుతున్నాడు. ఒక పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేసుకున్నాడని పోలీసులు పట్టుకెళ్లారు, బాండ్ మీద బయటికొచ్చాడు. తండ్రి గొంతు వణుకుతోంది. అయినా ఆయన అడిగింది మాత్రం, నేను లాయరు పని మొదలుపెట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాటే: “మేడమ్, జ్యూరీ గీరీ అని దీన్ని పెద్దది చేయొద్దు. ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే అయిపోతుందంట కదా.”

ఎవరన్నారు? రూమ్‌లో సీనియర్ అన్న అన్నాడట. ఆ అన్నకి ఎవరో వాట్సాప్‌లో చెప్పారట. ఈ సీనియర్ అన్నల్ని ఒక్కసారి వరసగా నిలబెట్టి మాట్లాడాలని నాకు ఎంత కోరికో.

నేను టెక్సాస్‌లో క్రిమినల్ డిఫెన్స్ లాయర్ని, కాబట్టి రాష్ట్ర చట్టం లెక్కలన్నీ టెక్సాస్‌వే. జ్యూరీ అంటే కేసు విని ముద్దాయి దోషా కాదా తేల్చే మామూలు పౌరులు. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు అక్కడి లాయర్ని అడగండి.

అపోహ: ఒప్పుకుంటే కేసు పోతుంది.

పోదు, అక్కడే మొదలవుతుంది. 100 డాలర్ల నుంచి 750 లోపు దొంగతనమంటే ఇక్కడ క్లాస్ బి, 180 రోజుల దాకా జైలు. 750 నుంచి 2,500 లోపయితే క్లాస్ ఎ, ఏడాది దాకా. మొదటి కేసు కదా, ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయర్) జైలు అడగరు. “డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇస్తాం, కొన్ని నెలలు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తాం, కన్విక్షన్ (దోషిగా తేలడం) కాదు” అంటారు. టెక్సాస్ చట్టం ప్రకారం ఆ మాట నిజమే. ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం పచ్చి అబద్ధం. మీరు తప్పు ఒప్పుకుని, జడ్జి ఏ చిన్న శిక్షో ఆంక్షో పెడితే చాలు, 1996 నుంచీ అది కన్విక్షనే. ‘నో కాంటెస్ట్’ (ఒప్పుకోను, అలాగని కాదనను) అని చెప్పినా అంతే, ఇమ్మిగ్రేషన్ వాళ్లకు రెండూ ఒకటే. ఒకే ఒక్క చిన్న కేసుకి కొంత మినహాయింపు ఉంది గానీ, అదే క్లాస్ ఎ అయ్యి, అమెరికాలో అడుగుపెట్టిన ఐదేళ్ల లోపు జరిగిందైతే డిపోర్టేషన్ దాకా వెళ్లొచ్చు. కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు పిల్లాడికి ఇవేవీ తెలియవు. తెలిసేది నాలుగేళ్ల తర్వాత, పెళ్లికని ఇంటికెళ్లి హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్‌కి నిలబడ్డప్పుడు. అలా ఇరుక్కున్న అమ్మాయి ఒకసారి ఫోన్లో “అక్కా, కేసు కొట్టేశారు కదా, మళ్లీ ఎందుకు అడుగుతున్నారు?” అని ఏడుస్తుంటే నాకు జవాబు దొరకలేదు. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదముంటే ఆ సంగతి క్లయింట్‌కి చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లోనే, పడీలా కేసులో, డిఫెన్స్ లాయర్లకి చెప్పింది. మీ లాయర్ చెప్పకపోతే మీరే అడగండి, సిగ్గుపడొద్దు.

ఇంతకీ జ్యూరీకీ దీనికీ ఏం సంబంధం? ఆ ప్లీ (ఒప్పుకోలు) కాయితాల్లో చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది: జ్యూరీ ట్రయల్ హక్కు వదులుకుంటున్నాను అని. మన చేతిలో ఉన్న ఒకే ఒక్క పెద్ద ముక్క అది, మనవాళ్లు మొదటి వాయిదాలోనే దాన్ని పడేసి వస్తారు. ట్రయలంటే ప్రాసిక్యూటర్ ఆరుగురు మామూలు మనుషుల్ని (మిస్‌డెమీనర్‌కి, అంటే ఇలాంటి చిన్న నేరాలకి, ఇక్కడ ఆరుగురే) ఒప్పించాలి, అదీ ఆరుగురినీ, ఏ సహేతుకమైన అనుమానమూ మిగలకుండా. వస్తువు బ్యాగులో ఉందని చూపిస్తే సరిపోదు, దొంగతనం చేసే ఉద్దేశంతోనే వేసుకున్నాడని చూపించాలి. ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ స్కాన్ చేయడం మర్చిపోయినవాడు దొంగ కాదు, ఆ ఆరుగురిలో సెల్ఫ్ చెకౌట్‌తో కుస్తీ పట్టని వాళ్లు ఒక్కరు కూడా ఉండరు!

కొన్నేళ్ల క్రితం ఒక కుర్రాడు నా మాట విని ఆగాడు. ఏడాదికి పైగా వాయిదాలు. ప్రతి వాయిదాకీ వాళ్లమ్మ ఊళ్లో గుడికి వెళ్లేది, అతను పాపం సరిగా తినేవాడు కాదు. ట్రయల్ రోజు రానే వచ్చింది. బయట వరండాలో జ్యూరీకి పిలిచిన జనం కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. ప్రాసిక్యూటర్ బయటికి వెళ్తాడు, ఫోన్ చేస్తాడు, లోపలికొస్తాడు, మళ్లీ వెళ్తాడు. స్టోర్ నుంచి రావాల్సిన సెక్యూరిటీ మనిషి ఎప్పుడో ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోయాడు. పదిన్నరకి కేసు డిస్మిస్. ఒక్క జూరర్ కూడా సీట్లో కూర్చోలేదు. కానీ జ్యూరీ అడగకపోయి ఉంటే ఆ సాక్షి ఉన్నాడా లేడా అని వెతికే అవసరం ఎవరికీ వచ్చేదే కాదు.

అందర్నీ ట్రయల్‌కి వెళ్లమంటున్నానా? లేదు. ధర చూసి మరీ స్టిక్కర్ మార్చడం వీడియోలో స్పష్టంగా కనిపించినవాణ్ని నేనే వద్దంటాను. ట్రయల్‌లో ఓడితే శిక్ష పెరగొచ్చన్న భయం ఉత్త భయమేమీ కాదు. ఫెడరల్ కోర్టుల్లో 2018లో ప్రతి 100 మంది ముద్దాయిల్లో ట్రయల్ దాకా వెళ్లింది 2 మంది, ఒప్పుకున్నది 90 మంది. ట్రయల్‌కి వద్దనే కేసుల్లో నేను అడిగేది ఒప్పుకోలు లేని ప్రీట్రయల్ డైవర్షన్, అంటే ట్రయల్‌కి ముందే కొన్ని షరతులు పూర్తి చేస్తే కేసు కొట్టేసే పద్ధతి. జ్యూరీ హక్కు ఇంకా చేతిలో ఉంటేనే అవతలివాళ్లు ఆ మాట వింటారు.

ఇంకోటి, ఇది భయంతో అడిగేది: “తెల్లవాళ్లు జ్యూరీలో కూర్చుని మన మొహం చూడగానే గిల్టీ అనరా?” వివక్ష లేదని నేను ఒట్టేయను. రంగు చూసి జూరర్‌ని తీసేయకూడదని 1986లోనే బాట్సన్ తీర్పు వచ్చింది, అయినా అందరి మనసులూ కడిగేసినట్టు అయిపోవు. అందుకే ముందు ప్రశ్నలడిగి ఎంచుకుంటాం, వోర్ డైర్ అంటాం (ఫ్రెంచివాళ్లు వింటే ఏడుస్తారు, టెక్సాస్‌లో అలాగే పలుకుతారు). మనవాళ్లుంటే మంచిదని కూడా అనుకోకండి. ఒకసారి జ్యూరీకి పిలిచినవాళ్ల ప్యానెల్లో తెలుగాయన కనిపించాడు, లోపల్లోపల సంబరపడ్డాను. లేచి నిలబడి, “పోలీసులు ఊరికే పట్టుకోరు కదండీ” అన్నాడు. కారణం చెప్పకుండా జూరర్‌ని తీసేయడానికి నాకున్న మూడు స్ట్రైకుల్లో మొదటిది ఆయనకే.

మిగతావి గబగబా. “జ్యూరీ విడుదల చేసినా పైకోర్టు మార్చేస్తుంది” అంటారు, నానావతి కేసు గుర్తుపెట్టుకుని. అది బొంబాయి సంగతి, భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన నేవీ అధికారి కేసు. అక్కడ జ్యూరీ 8-1తో నిర్దోషి అంటే జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు, చివరికి యావజ్జీవం పడింది. ఇక్కడ జ్యూరీ నాట్ గిల్టీ అంటే ఇక అప్పీల్ లేదు, అంతే. హంగ్ జ్యూరీ (జూరర్లకి ఏకాభిప్రాయం కుదరకపోవడం) మాత్రం విడుదల కాదు, మళ్లీ ట్రయల్ పెట్టొచ్చు. శిక్ష ఎప్పుడూ జడ్జే వేస్తాడన్నది చాలా రాష్ట్రాల్లో నిజం, టెక్సాస్‌లో మాత్రం ముద్దాయి ముందే కోరుకుంటే శిక్ష కూడా జ్యూరీయే వేస్తుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో జ్యూరీ ఉండదు. అక్కడికి చేరాక ఆరుగురు మామూలు మనుషులు దొరకరు, అందుకే పైన అంత గొంతు చించుకున్నాను.

ఇక జ్యూరీ సమన్లు. హెచ్1బీ వాళ్లకీ గ్రీన్ కార్డు వాళ్లకీ కూడా వస్తుంది, ఎందుకంటే డ్రైవింగ్ లైసెన్సుల లిస్టులోంచి కూడా పేర్లు తీస్తారు. టెన్షన్ పడొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. సిటిజన్ కాదు అని నిజం రాసి సంతకం పెట్టి పంపండి. “వెళ్లి కూర్చుంటే సిటిజన్‌షిప్‌కి ప్లస్” అని చెప్పేవాడి నంబర్ బ్లాక్ చేయండి, సిటిజన్ కాకుండా సిటిజన్నని చెప్పుకోవడం గ్రీన్ కార్డుకి జీవితాంతం అడ్డుపడే తప్పుల్లో ఒకటి.

జ్యూరీ డ్యూటీకి రాలేదు, వారెంట్ ఉంది, గిఫ్ట్ కార్డులతో ఫైన్ కట్టండి అని ఫోన్ వస్తే పెట్టేయండి. కోర్టులు ఫోన్లో డబ్బు అడగవు. నాకూ వచ్చింది ఆ కాల్. జ్యూరీ సెలెక్షన్ మధ్యలో పది నిమిషాలు బ్రేకిస్తే కోర్టు హాలు బయట నిలబడి ఎత్తాను, జ్యూరీ డ్యూటీ ఎగ్గొట్టినందుకు నన్ను అరెస్టు చేయడానికి బయల్దేరారట. రమ్మని రూమ్ నంబర్ కూడా చెప్పాను, కట్ చేసేశాడు.