రక్తం కల్చర్‌లో చర్మం బ్యాక్టీరియా

ఐసీయూలో ఉన్న మనిషి రక్తం కల్చర్‌కి, అంటే అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకి, పంపిస్తారు. ఒకట్రెండు రోజుల తర్వాత రిపోర్టు వస్తుంది: ‘కోయాగ్యులేజ్ నెగటివ్ స్టాఫిలోకాకస్ పెరిగింది’. రక్తంలో బ్యాక్టీరియా అనగానే బయట కూర్చున్న బంధువులకి కాళ్లూ చేతులూ ఆడవు. డాక్టరేమో ఒక్కోసారి ‘అది చర్మం మీదిది లెండి, ఇంకోసారి పంపిద్దాం’ అని వెళ్లిపోతారు. ఇంకో పేషెంటు విషయంలో అదే రిపోర్టు చూసి, మెడ దగ్గర రక్తనాళంలో పెట్టిన గొట్టాన్ని అప్పటికప్పుడు తీయించేస్తారు. రెండు నిర్ణయాలూ సరైనవే కావచ్చు.

ఇలాంటి రిపోర్టుల వెనక తరచుగా ఉండేది స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉండే గుండ్రటి జీవి. చంకల్లో, తలలో, ముక్కు రంధ్రాల్లో, కాలివేళ్ల సందుల్లో కాపురం ఉంటుంది. ఇది లేని ఒళ్లు దాదాపు ఉండదు. చెమటలోని ఉప్పు దీన్ని ఏమీ చెయ్యదు. రోజంతా బూట్లు వేసుకుని సాయంత్రం విప్పినప్పుడు వచ్చే కంపులో దీనికీ వాటా ఉంది: చెమటలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి ఐసోవలెరిక్ ఆమ్లంగా మారుస్తుంది.

1880 ప్రాంతంలో స్కాట్లండ్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ చీమును మైక్రోస్కోపు కింద పెట్టి, గుత్తులుగా అంటుకున్న ఈ గుండ్రటి జీవుల్ని చూశాడు. 1884లో జర్మనీ డాక్టర్ రోజెన్‌బాక్ వాటిని పెంచి, పసుపు రంగులో పెరిగేవాటినీ తెల్లగా పెరిగేవాటినీ వేరుచేశాడు. పసుపుది ఆరియస్. సెగ్గడ్డల నుంచి ఎముకల్లో చీము దాకా దాని పనే. తెల్లదే మన ఎపిడెర్మిడిస్. ఇవాళ్టి ల్యాబుల్లో రంగు కన్నా ఇంకో పరీక్షను నమ్ముతారు: ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, కలిపితే ఆరియస్ కోయాగ్యులేజ్ అనే పదార్థంతో దాన్ని గడ్డకట్టిస్తుంది, ఎపిడెర్మిడిస్ కట్టించదు. రిపోర్టులో ‘నెగటివ్’ అని రాసేది ఇందుకే. జబ్బు లేదని కాదు.

చాలాకాలం ఈ తెల్లదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆరియస్‌కి ఉన్నన్ని విషాలు దీనికి లేవు. దీనికి అవకాశం ఇచ్చింది వైద్యమే. 1960లో అమెరికాలో స్టార్, ఎడ్వర్డ్స్ తయారుచేసిన కృత్రిమ గుండె కవాటం వచ్చింది. 1962లో ఇంగ్లండ్‌లో చార్న్లీ తన కొత్తరకం కృత్రిమ తుంటి కీలు అమర్చడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత పేస్‌మేకర్లు, డయాలిసిస్ గొట్టాలు, మోకీళ్ల మార్పిడి. ఒంట్లోకి ప్లాస్టిక్కూ లోహమూ చేరేకొద్దీ ఎపిడెర్మిడిస్‌కి పని దొరికింది.

పరాయి వస్తువు ఒక్కటి ఉంటే లెక్క ఎంత మారిపోతుందో 1957లో ఎలెక్, కోనెన్ అనే పరిశోధకులు చూపించారు. వాళ్ల ప్రయోగం ఆరియస్ మీద, మనుషుల మీదే జరిగింది (ఇప్పుడైతే అనుమతి దొరకడం కష్టం). మామూలు చర్మంలో చీము పట్టాలంటే బ్యాక్టీరియాలు లక్షల్లో కావాల్సి వచ్చింది. అక్కడే ఒక పట్టు కుట్టుదారం ఉంటే వందల్లో సరిపోయాయి.

ఎపిడెర్మిడిస్‌కి ఉన్న అసలు నైపుణ్యం అతుక్కోవడం. గొట్టం గోడని పట్టుకున్నాక జిగురులాంటి చక్కెర పదార్థాన్ని విడుదల చేసి, ఆ జిగురులో పొరలు పొరలుగా పెరుగుతుంది. దీన్ని బయోఫిల్మ్ అంటారు. నీళ్ల ట్యాంకు లోపల చేతికి జారుడుగా తగిలే పాచి కూడా అలాంటిదే. లోపలున్నవి తెల్ల రక్తకణాలకు అందవు. పైగా చాలామటుకు నిద్రావస్థలో ఉంటాయి. యాంటీబయాటిక్స్‌లో ఎక్కువ భాగం పెరుగుతున్న బ్యాక్టీరియానే చంపుతాయి కాబట్టి ఇక్కడ పప్పులుడకవు. మందు వాడినన్నాళ్లూ జ్వరం తగ్గి, ఆపగానే తిరగబెడుతుంది. గొట్టం తీసెయ్యడానికి కారణం అదే. గొట్టమైతే తేలిక, కవాటమో మోకీలో అయితే మళ్లీ పెద్ద ఆపరేషనే.

ఇక రిపోర్టు సంగతి. సూది చర్మం గుండానే లోపలికి వెళ్లాలి. స్పిరిట్‌తో, క్లోర్‌హెక్సిడిన్‌తో ఎంత తుడిచినా వెంట్రుకల కుదుళ్లలో దాగినవి కొన్ని మిగులుతాయి. వాటిలో ఒకటి సీసాలో పడితే చాలు, కల్చర్ పాజిటివ్. అందుకే రెండు వేర్వేరు చోట్ల నుంచి రక్తం తీస్తారు. ఒక్కదానిలోనే, అదీ ఆలస్యంగా పెరిగితే చర్మం నుంచి వచ్చిందని అనుమానిస్తారు. రెండింట్లోనూ త్వరగా పెరిగి, పేషెంటుకి జ్వరం ఉండి, ఒంట్లో సెంట్రల్ లైన్ (మెడ దగ్గర పెట్టే గొట్టం లాంటిది) కూడా ఉంటే తేలిగ్గా తీసుకోరు. నెలలు నిండకుండా పుట్టిన పసివాళ్ల దగ్గర ఈ తూకం మరీ కష్టం. వాళ్ల నుంచి రెండుసార్లు తీసేంత రక్తం ఎక్కడిది? మామూలు బ్యాక్టీరియాయే కదా అని వదిలేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ప్రతిదానికీ వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తే మూత్రపిండాలకి చేటు, మందుకి లొంగని రకాలూ పెరుగుతాయి. నా ఉద్దేశంలో ఈ బ్యాక్టీరియా విషయంలో వైద్యం కన్నా తీర్పు చెప్పడమే కష్టమైన పని.

మందులకి లొంగకపోవడంలో దీనికి పాత అనుభవముంది. ఆసుపత్రుల్లో దొరికే ఎపిడెర్మిడిస్‌లో ఎక్కువ భాగం మెథిసిలిన్‌కి (పెన్సిలిన్ జాతి మందు) లొంగదు. అలా లొంగకుండా చేసే జన్యువులు దీన్నుంచి ఆరియస్‌కి చేరుతున్నాయనడానికి ఆధారాలున్నాయి.

అలాగని తోమి తోమి వదిలించుకోవాల్సినదీ కాదు. కొన్ని ఎపిడెర్మిడిస్ రకాలు విడుదల చేసే ఒక ఎంజైము ముక్కులో ఆరియస్‌ని నిలవనివ్వదని 2010లో జపాన్ పరిశోధకులు చూపించారు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంకా సాహసం చేశారు: ధనుర్వాతం విషంలోని హాని చెయ్యని ముక్కని ఈ బ్యాక్టీరియా మీద ఉండేలా చేసి, ఎలుకల చర్మానికి పూశారు. సూది లేదు. ఆ ఎలుకలు ప్రాణాంతకమైన మోతాదు విషాన్ని తట్టుకున్నాయని 2024లో ప్రకటించారు. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దూరముంది. ఈలోగా ఐసీయూలో పేషెంటు తాలూకు వాళ్లు రోజూ అడగదగ్గ ప్రశ్న ఒకటుంది: ఆ గొట్టం ఇవాళ కూడా అవసరమేనా?