కొత్త కెమెరా చేతికొచ్చాక: అపోహలు – వాస్తవాలు

విజయవాడలో పెళ్లిళ్ల ఫొటోగ్రఫీ వృత్తిగా చేసుకుంటూ, ఆసక్తి ఉన్నవారికి కెమెరా వాడకం నేర్పే నాకు, కొత్తగా కెమెరా కొన్నవారి నుంచి ఎప్పుడూ ఇంచుమించు అవే సందేహాలు ఎదురవుతాయి. కొన్నచోటనో, బంధువుల పెళ్లిలో కనిపించిన ఫొటోగ్రాఫర్ దగ్గరో, యూట్యూబులోనో విన్న మాటలే వాటికి మూలం. ఆ మాటల్లో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని ఒకప్పుడు నిజమై ఇప్పుడు కాలం చెల్లినవి, మిగిలినవి సగం నిజాలు. నా అనుభవంలో ఈ సగం నిజాలతోనే చిక్కు ఎక్కువ.

అపోహ: మెగాపిక్సెళ్లు ఎంత ఎక్కువైతే ఫొటో అంత బాగా వస్తుంది.

వాస్తవం: 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో ఉన్నది 0.01 మెగాపిక్సెల్ మాత్రమే (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు). ఒక్క బొమ్మను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేది. అక్కడి నుంచి చూస్తే మెగాపిక్సెళ్లు పెరగడం గొప్ప మేలే చేసింది గానీ, ఇప్పుడు మామూలు కెమెరాల్లోనూ ఉంటున్న 24 మెగాపిక్సెళ్లు దాటాక ఆ మేలు చాలామందికి కంటికి కనిపించదు. మన పెళ్లి ఆల్బంలో 12×36 అంగుళాల షీటును తీసుకుంటే, అందులో సగం, అంటే 12×18 అంతటా ఒకే ఫొటో వేసినా, అంగుళానికి 300 చుక్కల చొప్పున కావలసినవి 3600×5400 పిక్సెళ్లు, అంటే రెండు కోట్లలోపే. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద చూపించేవి 20 లక్షల చిల్లర. 24 నుంచి 48కి వెళ్లినా ఫొటో పొడవు వెడల్పులు పెరిగేది రెట్టింపు కాదు, ఒక్కొక్కటి 1.4 రెట్లే. అంతకంటే, వెలుతురును పట్టి బొమ్మగా మార్చే సెన్సార్ వైశాల్యం చూడటం మంచిది. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు ఉంటే, ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సార్ సుమారు 23.5×15.6 ఉంటుంది. వెలుతురు తక్కువైన చోట ఫొటో నాణ్యతను తేల్చేది ఎక్కువగా ఈ తేడాయే.

అపోహ: అసలైన ఫొటోగ్రాఫర్లు అన్ని సెట్టింగులూ తామే పెట్టుకునే మాన్యువల్ మోడ్ తప్ప మరొకటి ముట్టరు.

వాస్తవం: ఇది వృత్తిలో ఉన్నవాళ్లు కొందరు బడాయికి చెప్పే మాట. వెలుతురు క్షణక్షణానికి మారే చోట, లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో (ఆపర్చర్) మనం నిర్ణయించి, వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో (షట్టర్ స్పీడు) కెమెరాకు వదిలేసే ఆపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో పనిచేసే నిపుణులు ఎందరో ఉన్నారు. ఫ్లాష్‌తో పని చేసేటప్పుడూ, వెలుతురు మారని వేదిక మీదా, రాత్రిపూట ట్రైపాడ్ వేసి ప్రకాశం బ్యారేజీ దీపాలు తీసేటప్పుడూ మాన్యువల్ అవసరమవుతుంది. కొత్తవారు మొదటి రోజుల్లో ఆపర్చర్ ప్రయారిటీలోనే ఉండి, దానికి తోడుగా ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అనే, ఫొటో వెలుగును పెంచి తగ్గించే ఒక్క మీటను బాగా అలవాటు చేసుకుంటే చాలునని నా అభిప్రాయం. ఆ మీట ఎందుకో తెలియకపోవడం వల్లే తరువాతి అపోహ పుట్టింది.

అపోహ: ఖరీదైన కెమెరా అయితే వెలుతురు సంగతి అదే చూసుకుంటుంది.

వాస్తవం: కెమెరాలోని మీటర్ కొలిచేది వస్తువు మీద పడి తిరిగి వచ్చే వెలుతురును. ఎదుట ఉన్నది తెల్లచీరో నల్లరాయో దానికి తెలియదు కనుక, దృశ్యం సగటున మధ్యస్థమైన బూడిద రంగులో ఉంటుందన్న అంచనాతో లెక్క కడుతుంది. కొత్త కెమెరాలు ముఖాలను గుర్తుపట్టి ఈ పొరపాటును కొంత దిద్దుకుంటాయి గానీ పూర్తిగా తప్పించుకోలేవు. మధుపర్కాలు కట్టుకుని పక్కపక్కన కూర్చున్న వధూవరులను ఫ్రేమ్ నిండా తీసి చూడండి. కెమెరా ఇంత తెలుపును చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గిస్తుంది, దాంతో బట్టలు మాసినట్టు, ముఖాలు చామనఛాయ కంటే నల్లగా వస్తాయి. అప్పుడు కాంపెన్సేషన్‌ను ప్లస్ 1 వైపు జరపాలి. నల్లటి గేదెనో, నల్లరాతి విగ్రహాన్నో ఫ్రేమ్ నిండా తీస్తే ఇందుకు సరిగ్గా వ్యతిరేకం, అక్కడ మైనస్ వైపు జరపాలి. తెలుపుకు పెంచడం, నలుపుకు తగ్గించడం మొదట వినడానికి తలకిందులుగా అనిపిస్తుంది కానీ, మీటర్ చేసే పని అర్థమైతే ఇక మరచిపోరు.

ఎరుపు రంగుది మరో పేచీ, గుంటూరు చుట్టుపక్కల కెమెరా పట్టినవారికి ఇది తప్పదు. డిజిటల్ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఏదో ఒక రంగు ఫిల్టర్ ఉంటుంది. 1976లో కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరిట పేటెంటు వచ్చిన ఈ అమరికలో సగం పిక్సెళ్లు ఆకుపచ్చవి, ఎరుపుకు దక్కేది పావు వంతు. కెమెరా వెనక తెర మీద మామూలుగా కనిపించే తెల్ల హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంత ఉందో చూపే గ్రాఫు) వెలుగును లెక్కించడంలో ఆకుపచ్చకే ఎక్కువ విలువ ఇస్తుంది. కల్లంలో ఆరబోసిన మిర్చిని ఎండలో తీసినప్పుడు ఆ గ్రాఫు నిక్షేపంగా మధ్యలోనే ఉంటుంది, లోపల ఎరుపు మాత్రం వెలుగు కొలతలో చివరి మెట్టయిన 255ను తాకి అక్కడే ఆగిపోతుంది. ఇంటికి వచ్చి పెద్ద తెర మీద చూస్తే, కాయ మీది ముడతలూ మెరుపూ ఏవీ లేకుండా ఎర్రరంగు ముద్ద కనిపిస్తుంది. మెనూలో రంగులను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌ను పెట్టుకుని, ఎర్రగీత కుడిగోడకు ఆనుకోకుండా మైనస్ 0.7 దాకా తగ్గించి, రంగులను మరింత గాఢం చేసే వివిడ్ స్టైల్‌ను మానేస్తే కాయల ముడతలు తిరిగి వస్తాయి. మిర్చి యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) వరసల మధ్య తీసేవారికి ఒక మనవి: అక్కడి ఘాటూ దుమ్మూ మనుషులనే దగ్గిస్తాయి, ఎట్టి పరిస్థితుల్లోనూ అక్కడ లెన్స్ విప్పి మార్చవద్దు.

అపోహ: ఐఎస్ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400 దాటితే ఫొటో చెడిపోతుంది.

వాస్తవం: ఫొటోలో నాయిస్, అంటే గరుకు చుక్కలు, కనిపించడానికి మొదటి కారణం సెన్సార్‌కు అందిన వెలుతురు తక్కువ కావడం, ఐఎస్ఓ అంకె కాదు. వెలుతురు తక్కువ ఉన్నచోట భయపడి 400 దగ్గరే ఆగి, నల్లగా వచ్చిన ఫొటోను తరువాత కంప్యూటర్‌లో వెలిగిస్తే, మొదటే 1600 పెట్టి సరిగా తీసిన దానికంటే మెరుగ్గా రాదు, చాలాసార్లు అధ్వాన్నంగా వస్తుంది. మన పెళ్లి ముహూర్తాలు చాలావరకు రాత్రివేళ కాబట్టి జీలకర్ర బెల్లం పెట్టే ఘడియలో 3200 వాడక తప్పని సందర్భాలు ఉంటాయి. నాయిస్‌ను తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు చాలా బాగున్నాయి. చేయి వణికి అలికినట్టు వచ్చిన ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా సరిచేయలేదు.

అపోహ: షట్టర్ స్పీడు ఎంత వేగంగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక, దాంతో వెలిగే ట్యూబులైట్లూ కొన్ని రకాల ఎల్‌ఈడీ దీపాలూ సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంటాయి. కంటికి ఆ సంగతి తెలియదు. సెకనులో వెయ్యో వంతు పెట్టి కల్యాణమండపంలో వరసగా తీస్తే మాత్రం ఒక ఫొటో వెలుగ్గా, ఇంకొకటి పచ్చగా, మరొకటి అడ్డచారలతో వస్తాయి. వందో వంతుకో, యాభయ్యో వంతుకో తగ్గిస్తే ఆ చారలు చాలావరకు పోతాయి. చాలా కెమెరాల్లో యాంటీ ఫ్లికర్ అనే సౌకర్యమూ ఉంది. మరి తలంబ్రాలు గాలిలో ఉండగా ఎలా పట్టాలంటే, ఆ పని ఫ్లాష్‌కు అప్పగించాలి. షట్టర్ రెండువందలో వంతు దగ్గరే ఉన్నా, ఫ్లాష్ మెరుపు అంతకంటే ఎంతో తక్కువ సేపు ఉంటుంది కాబట్టి బియ్యపు గింజలు విడివిడిగా నిలబడతాయి.

అపోహ: కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ దేనికీ పనికిరాదు.

వాస్తవం: పగటి వెలుతురులో 18-55 కిట్ లెన్స్ తీసే ఫొటోకు వంక పెట్టడం కష్టం. దాని లోపం చీకట్లో బయటపడుతుంది. 55 ఎంఎం దగ్గర అది ఎఫ్ 5.6 వరకే తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దది), అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ దానికంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిస్తుంది. అందుకే రెండో లెన్స్‌గా దాన్ని కొనుక్కోమని చెబుతాను. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూళ్లు కట్టుకునే గూడబాతులను తీయాలంటే మాత్రం ఈ రెండూ చాలవు, కనీసం 300 ఎంఎం దాకా వెళ్లే లెన్స్ కావాలి. అక్కడ ప్రతిభ ఒక్కటే సరిపోతుందని చెప్పడం అబద్ధమవుతుంది.

అపోహ: ఎడిటింగ్ చేస్తే అది నిజమైన ఫొటో కాదు.

వాస్తవం: జేపెగ్ అనేది కెమెరా తన తయారీదారు అభిరుచిని బట్టి ముందే ఎడిట్ చేసి ఇచ్చిన ఫైలే. అందులో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే, సెన్సార్ పట్టినదాన్ని ఎడిట్ చేయకుండా దాచే 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. ఉండవల్లి గుహాలయాల్లో లోపల నిలబడి, స్తంభాల నీడనూ వాటి మధ్యగా కనిపించే ఎండనూ ఒకే ఫ్రేమ్‌లో పట్టదలచినప్పుడు ఈ తేడా ఏమిటో తెలుస్తుంది. ఎండ భాగం తెల్లబోకుండా తీసుకుని, రా ఫైలులో నీడలను పైకి తెస్తే స్తంభాల చెక్కడం బయటపడుతుంది.

అపోహ: మిట్టమధ్యాహ్నం ఫొటోలు తీయకూడదు.

వాస్తవం: నడినెత్తి ఎండలో తీయకూడనిది ముఖాలను. అప్పుడు కూడా అరుగు నీడ కిందికి, పందిరి అంచుకు జరిగితే ముఖాలూ బాగానే వస్తాయి.

అపోహ: కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేస్తే భద్రం.

వాస్తవం: గాలి ఆడని చీకటిలో, వానాకాలపు తేమలో లెన్స్ లోపల బూజు పడుతుంది, పట్టిందంటే వదిలించడం ఖర్చుతో కూడిన పని. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచి, వాటిని అప్పుడప్పుడూ మార్చాలి. ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి తీసుకువెళ్లేటప్పుడు అరగంట పాటు సంచిలోనే ఉంచితే అద్దం మీద చెమ్మ పట్టదు. లెన్స్‌ను చొక్కా కొసతోనో పంచె చెంగుతోనో తుడవకుండా, ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, ఆ తరువాతే మెత్తటి గుడ్డ వాడాలి. మెమరీ కార్డును కంప్యూటర్‌లో కాక కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. పొరపాటున ఫొటోలు చెరిగిపోతే ఆ కార్డు మీద మరొక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టి, ఇంకో కార్డుతో పని కొనసాగించాలి. సాధారణంగా చెరిగేది ఫైళ్ల చిట్టా మాత్రమే కాబట్టి, పైన కొత్తవి పడనంతవరకు పాతవాటిని రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది.