మెత్తటి తమ్మెకూ గట్టి మడతకూ ఒకటే గన్నా?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలోనూ కడప ఫ్యాన్సీ షాపుల్లోనూ ఇప్పుడు అమ్మాయిలు అడుగుతున్నది తమ్మెకు కాదు, చెవి పైఅంచుకు కుట్టమని. ఇదేం ఫ్యాషనే తల్లీ అని ఇంట్లో పెద్దవాళ్లు దీర్ఘాలు తీస్తారు గానీ, అక్కడ కుట్టించుకోవడం సీమకు కొత్తేం కాదు. కడప, కర్నూలు పాత ముస్లిం కుటుంబాల్లో తమ్మె నుంచి పైదాకా వరసగా బాలీలు, అంటే చెవి రింగులు, పెట్టుకున్న ముసలమ్మలు ఉండేవాళ్లు. కొత్తగా వచ్చింది చెవి కుట్టే గన్ను, అసలు గొడవ దాంతోనే.

ఈ పనిలో జాగ్రత్తల గురించి మనవాళ్లు రాసి చాలా కాలమైంది. పాతకాలపు ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో, సూత్రస్థానం 16వ అధ్యాయం చెవి కుట్టడంతోనే మొదలవుతుంది: ఆరో నెలలోనో ఏడో నెలలోనో కుట్టాలి, మగపిల్లాడికి ముందు కుడి చెవి, ఆడపిల్లకు ఎడమ, చెవిని ఎండకు పట్టి వెలుతురు కనబడే చోటే గుచ్చాలి, పలచగా ఉంటే సూది, మందంగా ఉంటే ఆర (తోలు కుట్టే లావుపాటి సూది లాంటిది), తర్వాత నూనె వత్తి పెట్టి మూడు రోజులకోసారి మార్చాలి. తప్పు చోట గుచ్చితే జ్వరం, వాపు, మెడ పట్టేయడం, ఒళ్లు బిగుసుకోవడం వస్తాయని కూడా ఉంది, చదువుతుంటే ధనుర్వాతమే గుర్తొస్తుంది. తెగిన తమ్మెను అతికించడానికి 15 పద్ధతులు, ఆ వెంటనే తెగిన ముక్కును బాగుచేసే పద్ధతి, అన్నీ ఆ ఒక్క అధ్యాయంలోనే.

ముక్కు సంగతి వేరు. అమరావతి శిల్పాల్లో చెవులకు ఇంతేసి ఆభరణాలుంటాయి, ముక్కు మాత్రం బోసిగా ఉంటుంది. ముక్కెర మధ్యయుగాల్లో వచ్చిందనే చరిత్రకారులు ఎక్కువ. వచ్చాక మగపిల్లల్నీ వదల్లేదు లెండి, ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే తర్వాత పుట్టినోడికి ముక్కు కుట్టించి పుల్లయ్య, పెంటయ్య అని పేరు పెట్టేవాళ్లు.

మళ్లీ చెవి సంగతికొస్తే, పుట్టెంట్రుకలు తీయించాక బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెడితే, బంగారు పని చేసే ఆచారి చెవికి కుంకుమ చుక్క పెట్టి, సాన పట్టిన బంగారు తీగ మొనతో ఒక్క పోటు పొడిచి, పట్టకారుతో అక్కడికక్కడే మెలితిప్పేసేవాడు. మొన వాడి, గాయం సన్నం. అలాగని ఆచారిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, తిరునాళ్లలో ఒకే సూదిని గుడ్డకు తుడిచి పది చెవులకు వాడినోళ్లూ ఉన్నారు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది, తుడిస్తే పోయేది కాదు.

గన్ను పని తీరు చూడండి. స్ప్రింగు వదలగానే మొద్దుపాటి స్టడ్డు చర్మాన్ని చీల్చుకుని పోతుంది, వెనక మర బిర్రుగా పట్టేస్తుంది, చెవి వాస్తే చోటుండదు. చాలా గన్నులు ప్లాస్టిక్‌వి, 121 డిగ్రీల ఆవిరిలో పెట్టి స్టెరిలైజ్ చేసే వీల్లేదు, స్పిరిట్ దూదితో సరిపెడతారు. తమ్మెలో రక్తం బాగా ఆడుతుంది కాబట్టి 6 నుంచి 8 వారాల్లో మానిపోతుంది. పైన ఉండేది మృదులాస్థి (కార్టిలేజ్), దానికి సొంతంగా రక్తనాళాలుండవు, మానడానికి నెలలు పడుతుంది, ఏడాదైనా పట్టొచ్చు. చీము పట్టిందా, ఆ మృదులాస్థి కుళ్లి చెవి ముడుచుకుపోతుంది. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒక అంగట్లో చెవి పైభాగం కుట్టించుకున్నవాళ్లకు వరసగా సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆరా తీస్తే ఆ బ్యాక్టీరియా క్రిమిసంహారక మందు సీసాలోనే ఉందని తేలింది!

కాబట్టి పైఅంచుకే కావాలంటే గన్ను వద్దు, ప్యాకెట్ మన కళ్ల ముందే విప్పి బోలు సూదితో కుట్టేవాళ్ల దగ్గరికో, చర్మం డాక్టర్ దగ్గరికో వెళ్లండి. పోగు టైటానియందైతే మేలు, గిల్టు నగల్లో నికెల్ చాలామందికి పడదు. ఇంట్లో ఎవరికైనా కుట్టిన చోట కండ పెరిగే గుణం ఉంటే ముందే చెప్పాలి. పసిబిడ్డకైతే 6, 10, 14 వారాల టీకాలు పడ్డాకే. ఇక చెవి ఎర్రబడి, వేడిగా అయి, ముట్టుకుంటే ప్రాణం పోయినట్టుంటే పసుపు పట్టించి వారం చూద్దాం అనుకోకండి, పోగు మీరే పీకేయకండి, పైరంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోతుంది. ఆ రోజే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించండి.