చిగుళ్ల నుంచి రక్తం వస్తే మాత్రలు ఆపకండి: హెచ్‌ఐవీ, నోటి ఆరోగ్యంపై అపోహలు - వాస్తవాలు

"డాక్టరుగారూ, బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోంది. మందులు పడటం లేదేమోనని మానేశాను." పళ్ల డాక్టరుగా ఈ మాట వినడం ఈ నెలలో ఇది మూడోసారి. ఎన్నాళ్లయిందని అడిగితే ఐదు వారాలన్నారాయన. అంతకుముందు ఆరేళ్లు ఒక్క పూట తప్పకుండా ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మాత్రలు, వేసుకున్న మనిషి. చివరి పరీక్షలో వైరస్ జాడే లేదు. నోట్లో రక్తం పడుతోందంటే లోపల వైరస్ తిరగబెట్టినట్టేనని ఒకరు చెప్పారట. ఆ మాత్రల వేడికే చిగుళ్లు కరిగిపోతున్నాయని ఇంకొకరు చెప్పారట. భయపడినందుకు ఆయన్ను నేను ఒక్క మాట అనలేదు. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పి ఆయన మందులు మాన్పించినవారి మీదే నా కోపం.

అపోహ: చిగుళ్ల నుంచి రక్తం వస్తోందంటే హెచ్‌ఐవీ ముదిరినట్టు, మందులు పనిచేయనట్టు.

వాస్తవం: చాలా సందర్భాల్లో ఆ రక్తానికి కారణం పంటి మొదట్లో పేరుకున్న పాచి. అదే గట్టిపడితే గార. అందులో గూడు కట్టుకున్న బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి శరీరం చిగురుకు రక్తప్రసారం పెంచుతుంది. చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, లోపలి పొర పలచబడి పుండు పడుతుంది. అప్పుడు బ్రష్ తగిలితే చాలు, రక్తం వస్తుంది. హెచ్‌ఐవీ లేనివారిలోనూ జరిగేది ఇదే. మందులు పనిచేస్తున్నాయో లేదో చెప్పేది వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచేది. వాష్‌బేసిన్‌లో కనిపించే ఎర్రటి ఉమ్మిని చూసి ఆ సంగతి ఎవరూ తేల్చలేరు. బ్రష్ తగలకుండానే రక్తం కారుతున్నా, చర్మం మీద ఊదారంగు మచ్చలు వస్తున్నా సంగతి వేరు. రక్తం గడ్డకట్టేలా చేసే ప్లేట్‌లెట్లు తగ్గి ఉండవచ్చు, వెంటనే రక్తపరీక్ష చేయించాలి. అప్పుడు కూడా మాత్రలు సొంతంగా మానేయకూడదు.

ఆయన నోట్లో చూస్తే, కింది ముందుపళ్ల వెనక గోధుమరంగు గార గోడ కట్టినట్టుంది. చిగురుకూ పంటికీ మధ్య ప్రోబ్ (లోతు కొలిచే సన్నని కడ్డీ) దించితే ఆరు మిల్లీమీటర్లు దిగింది. మూడు దాకా మామూలే. ఆరు అంటే లోపల ఎముక కరుగుతోందన్నమాట. రక్తం చూసి భయపడి ఆయన బ్రష్ కూడా పక్కన పెట్టేశారు, వేలితో రుద్దుకుంటున్నారు. తీయాల్సిన పాచిని ఉంచుకుని, ఉంచుకోవాల్సిన మందును తీసేశారు.

మాత్రలు ఆపితే కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఇది ఊహ కాదు. 33 దేశాల్లో 5,472 మందితో జరిగిన స్మార్ట్ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) బాగుంటే మందులు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెడితే మేలేమోనని అందులో పరీక్షించారు. మేలు జరగకపోగా, ఆపుతూ మొదలుపెడుతూ పోయినవారిలో మరణాలు, తీవ్రమైన జబ్బులు పెరిగాయి. గుండె, మూత్రపిండాలు, కాలేయానికి సంబంధించిన సమస్యలు కూడా ఎక్కువయ్యాయి. అందుకే చిగుళ్ల కోసం మాత్రలు మానేశానని ఎవరైనా అంటే నాకు ముందు గుండె గుర్తొస్తుంది.

ఇప్పుడు ఫోన్లలో తిరుగుతున్న మరో మాట: "నోటి బ్యాక్టీరియా నిద్రపోతున్న హెచ్‌ఐవీని లేపుతుంది." దీని వెనక నిజమైన పరిశోధన ఉంది, దాన్ని సగమే చదివి ప్రచారం చేస్తున్నారు. చిగుళ్ల వ్యాధిలో ముఖ్యపాత్ర పోషించే పోర్ఫైరోమొనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా బ్యూటిరిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. కణంలో డీఎన్ఏను బిగించి చుట్టి ఉంచే ఎంజైములను ఈ ఆమ్లం అడ్డుకుంటుంది. చుట్ట సడలడంతో అందులో దాగిన వైరస్ జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి. జపాన్ పరిశోధకులు 2009లో దీన్ని ప్రయోగశాలలో పెంచిన కణాల్లో చూపించారు. గాజుపాత్రలో కణాలకు జరిగింది, రోజూ ఏఆర్‌టీ వేసుకునే మనిషికి జరిగినట్టు కాదు. ఎక్కడో ఒక కణంలో వైరస్ మేల్కొన్నా, అది కొత్త కణాల్లో పాగా వేయకుండా అడ్డుకునేది ఆ మాత్రలే. ఈ పరిశోధనను చూసి చేయాల్సినవి రెండే: పాచి తీయించుకోవడం, మాత్రలు మానకపోవడం.

వైరల్ లోడ్ కనిపించనంతగా తగ్గితే ఇక నోటి గురించి పట్టించుకోనక్కర్లేదనే ధీమా కూడా ఉంది. అదీ పొరపాటే. వైరస్ అదుపులో ఉన్నా శరీరంలో వాపు ప్రక్రియ సన్నని సెగలా మిగిలే ఉంటుంది. పేగు గోడ దెబ్బతినడం, ఇతర వైరస్‌లు, పొగతాగడం దాన్ని ఎగదోస్తాయి. చీము పట్టిన చిగుళ్లు ఆ సెగకు ఇంకాస్త కట్టె వేస్తాయి. పళ్లు శుభ్రం చేయించుకుంటే గుండెపోటు రాదని మాత్రం నేను చెప్పను, అలా రుజువు కాలేదు. చిగుళ్ల జబ్బు తగ్గుతుంది, పళ్లు నిలుస్తాయి. చికిత్సకు ఆ కారణం చాలు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. మౌత్‌వాష్ చిగురు లోతుల్లోకి వెళ్లదు, గారను కరిగించదు. పొగతాగేవారిలో రక్తం రాకపోతే చిగుళ్లు బాగున్నట్టు కాదు, పొగ రక్తనాళాలను కుదించి జబ్బును దాచిపెడుతుంది. లాలాజలం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. అయినా బ్రష్ ఎవరితోనూ పంచుకోవద్దు, హెపటైటిస్ బీ లాంటివి ఉన్నాయి. నాలుక మీద తుడిస్తే ఊడే తెల్లటి పూత, నాలుక అంచున తుడిచినా పోని తెల్లటి చారలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. మొదటిది సాధారణంగా ఫంగస్, రెండోది ఎప్‌స్టీన్-బార్ వైరస్ వల్ల రావచ్చు. సీడీ4 ఎంత ఉందో చూడాల్సిన సందర్భాలివి.

పళ్ల డాక్టరుకు హెచ్‌ఐవీ సంగతి చెప్పకూడదనే భయం నాకు అర్థమవుతుంది. చెప్పగానే మరోచోటికి పొమ్మన్న అనుభవం చాలామందికి ఉంది. అది మా వృత్తిలోనివారు చేసిన తప్పు. పరికరాలను ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల వేడిలో శుద్ధి చేయడం ప్రతి ఒక్కరి కోసం ఒకేలా జరగాలి. మందుల పేర్లు చెప్పమని మేం అడిగేది మీకు వేరే కుర్చీ వేయడానికి కాదు. రిటోనావిర్ వేసుకునేవారికి కొన్ని మత్తుమందులు మోతాదు మించి పనిచేస్తాయి. టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ వేసుకునేవారు పంటినొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి రోజుల తరబడి మింగితే మూత్రపిండాలకు ముప్పు.

ఆయన్ను ఆ రోజే ఏఆర్‌టీ డాక్టరుతో ఫోనులో మాట్లాడించాను. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. రెండు విడతలుగా గార తీశాను. రెండోసారి కుర్చీ దిగకముందే నాలుకతో పళ్ల వెనక తడుముకుని, "సందులొచ్చాయి, పళ్లు వదులైపోయాయా?" అని కంగారుపడ్డారు. గార నిండి ఉన్న చోటు ఖాళీ అయిందని అద్దంలో చూపించాను. కొద్దిరోజులు జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. మూడు నెలల తర్వాత ఆ ఆరు మిల్లీమీటర్ల చోట ప్రోబ్ నాలుగే దిగింది, రక్తం రాలేదు. కొత్త వైరల్ లోడ్ రిపోర్టును ఆయన చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టి తెచ్చారు. నేను అడగకముందే తీసి చేతికిచ్చారు. వైరస్ జాడ లేదు.